ష్పెట్స్‌లే అంటే పిచ్చుకపిల్ల

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదవమని కార్యదర్శిగారు చీటీ ఇచ్చారు. అందులో పదకొండు పేర్లున్నాయి, నాకిచ్చింది పది నిమిషాలు. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం, ఏమీ అనుకోకండి.

ఉగాది సభ కాబట్టి "విదేశాల్లో మాతృభాష" మీద మాట్లాడమన్నారు. మూడు పాయింట్లు రాసుకున్నాను కూడా. పొద్దున ఎస్-బాన్ రైల్లో వస్తుంటే ఎదురు సీట్లో ఒక ముసలావిడ మనవడి ముక్కు తుడుస్తూ "ష్పెట్స్‌లే" అంది. అంతే, ఆ మూడు పాయింట్లూ ఎగిరిపోయాయి.

1984లో, నాకు నాలుగేళ్ళప్పుడు, నాన్న ఉద్యోగం కోసం జర్మనీలోని ఈ స్టుట్‌గార్ట్ వచ్చాం. ఊళ్ళోని ఫాయర్‌బాఖ్ పేటలో మూడో అంతస్తు మాది. మా కింద ఒక పెద్దావిడ ఉండేది. నేను ఆవిణ్ణి ఓమా అనేదాన్ని, అంటే అమ్మమ్మ. మనం కనపడిన ప్రతి పెద్దావిడనీ అత్తయ్యా, పిన్నీ, మామ్మగారూ అనేస్తాం కదా. ఇక్కడ అలా కాదు, పక్కింటావిడ చచ్చేదాకా ఫ్రావ్ ఫలానాయే, అంటే శ్రీమతి ఫలానా. నాకా సంగతి తెలీదు. ఆవిడా కాదనలేదు.

అమ్మతో మాత్రం ఆవిడ యమ స్ట్రిక్టు. మీలో ఈ ప్రాంతంలో ఉంటున్నవాళ్ళకి కేర్‌వోఖె గురించి చెప్పక్కర్లేదు. మెట్లు ఊడ్చే వంతు ఈ వారం ఎవరిదైతే వాళ్ళ గుమ్మం దగ్గర ఒక చిన్న పలక తగిలిస్తారు. అమ్మ ఊడ్చాక ఓమా రెయిలింగు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు చూసుకునేది. "మీరు" అంటూనే చీవాట్లు పెట్టేది. అదే నోటితో నాకేసి తిరిగి "ష్పెట్స్‌లే, మోయ్స్‌లే" అనేది. ఒకటి పిచ్చుకపిల్ల, రెండోది చిట్టెలుక. మోయ్స్‌లే అంటే ఏమిటో నాన్న చెప్పిన రోజు అమ్మ అలిగింది. "బంగారంలాంటి పిల్లని పట్టుకుని ఎలుకంటుందా!" జర్మన్లు ప్రేమొస్తే కుందేలంటారు, నత్త అంటారు, పురుగని కూడా అంటారు. మనమేం తక్కువా? పసిపిల్లని పట్టుకుని దొంగా, గాడిదా అని ముద్దులాడతాం.

ఇంకో తిరకాసు ఉంది. ష్పెట్స్‌లే ఇక్కడ తిండి కూడా. ఓమా గుడ్లు, పిండి, నీళ్ళు కలిపి బుడగలొచ్చేదాకా చెక్కగరిటెతో బాదేది. ఆ జారుడు పిండిని తడిపిన చెక్కమీద పరిచి, కత్తితో సన్నగా గీరుతూ మరిగే ఉప్పునీళ్ళలోకి తోసేది. కాసేపటికి అవి పైకి తేలేవి. వాటిని చూపించీ ష్పెట్స్‌లే అనేది, నన్ను చూసీ ష్పెట్స్‌లే అనేది. నన్ను ఎప్పుడు ఉడకేస్తుందోనని కొన్నాళ్ళు పొయ్యి దగ్గరికి పోలేదు.

వ్యాకరణం ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. జర్మన్‌లో మాట చివర షెన్, లైన్, లేదా ఇక్కడి యాసలో లే చేరిస్తే ఆ మాట చిన్నదవుతుంది, ముద్దొస్తుంది, నపుంసకలింగంలో పడుతుంది. మేట్‌షెన్ అంటే ఆడపిల్లే, కానీ వ్యాకరణానికి "అది". వేరే భాషలవాళ్ళు దీనికి తల పట్టుకుంటారు. మనకేం కష్టం? బస్సు వచ్చింది, అమ్మాయీ వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. పాయింట్లు పోతే పోయాయి, ఇది చెప్పకుండా మాత్రం దిగను. నాకు అయిదేళ్ళప్పుడు కిండర్‌గార్టెన్‌లో ఒక టీచరు అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి "ఇంట్లో కూడా జర్మనే మాట్లాడండి, లేకపోతే పిల్ల వెనకబడిపోతుంది" అంది. చదువు చెప్పేవాళ్ళ మాట కదా, అమ్మ నమ్మింది. ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో "కొమ్", "ఇస్", "ష్లాఫ్". రా, తిను, పడుకో. అంతకుముందు "రా నాన్నా", "తిను తల్లీ", "పడుకో బంగారం" ఉండేవి. ఆ చివరి మాటలు ఊడిపోయాయి.

అమ్మ ప్రయత్నించకపోలేదు. ఒకసారి పార్కులో "రా నాన్నా"ని ఉన్నదున్నట్టు జర్మన్‌లోకి మార్చి "ఫాటర్, కొమ్!" అని అరిచింది. బెంచీల మీదున్న తల్లులందరూ మా నాన్న ఎక్కడున్నాడా అని వెనక్కి తిరిగి చూశారు. జారుడుబండ మీంచి దిగింది నేను. వాళ్ళు నవ్వారు. ఆ తర్వాత అమ్మ నన్ను ఏ ముద్దుపేరుతోనూ పిలవలేదు. దాదాపు ఏడాది. అమ్మకి జర్మన్‌లో కూరగాయలు కొనడం వచ్చు, వీసా ఆఫీసులో పోట్లాడటం వచ్చు. ముద్దు చేయడం రాదు. ఎలా వస్తుంది? ఆ భాషలో అమ్మని ఎవరు ముద్దు చేశారు గనక?

వెనక వరసలో ఉన్నవాళ్ళూ, ఒక్క నిమిషం ఫోన్లు పక్కన పెట్టండి. మీ అమ్మ మిమ్మల్ని ఏమని పిలిచేదో పక్కవాళ్ళకి చెప్పండి. సిగ్గెందుకండీ? అదిగో, డాక్టరుగారు "బుజ్జిముండ" అట! చూశారా, జర్మన్‌లోకి మార్చండి దాన్ని.

సరే. ఒక శనివారం అమ్మ మెట్లు ఊడుస్తోంది. ఓమా తలుపు తీసింది. మళ్ళీ చీవాట్లే అనుకున్నాను. "ఇదివరకు పిల్లని ఏదో అని పిలిచేవారు, కిందికి వినపడేది. ఈ మధ్య వినపడటం లేదేం?" అంది. స్కూల్లో వద్దన్నారని అమ్మ చెప్పింది. "ఆఖ్ వాస్!" అంది ఓమా. మన భాషలో "చాల్లే!" అన్నట్టు. ఆ పిలుపేంటో చెప్పమంది. అమ్మ చీపురు పట్టుకునే "బంగారం" అంది. ఓమా రెండుమూడు సార్లు నోట్లో తిప్పుకుంది. తర్వాత నన్ను చూసి, తన యాసలోని ఆ లే తగిలించి, "బంగార్లే" అంది.

అమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం అన్నం పెడుతూ "తిను బంగార్లే" అంది. నేను తిన్నాను.

1997లో మేం ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఓమా అమ్మని "మీరు" అనే అంది. పెద్దవాళ్ళు ముందుగా అనమంటే తప్ప "నువ్వు"లోకి దిగే పద్ధతి ఇక్కడ లేదు, ఆవిడ అనమనలేదు. వెళ్ళేరోజు మెట్లు మాత్రం ఆవిడే ఊడ్చింది, ఆ వారం వంతు మాదైనా.

కార్యదర్శిగారు వాచీ చూపిస్తున్నారు. పులిహోర చల్లారిపోతోందట. హాలు ఆరింటికల్లా ఊడ్చి అప్పగించాలి, చీపుళ్ళు ఆ తలుపు వెనకాల ఉన్నాయి.