వీడియోలు సరే, వచ్చే వారం ఏం చేస్తారు?

అందరికీ నమస్కారం. కీళ్ల నొప్పులున్నవాళ్లకి సలహాలకు కొదవ లేదు, ఫోన్ తెరిస్తే చాలు బోలెడన్ని వీడియోలు, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ చూసినంత మాత్రాన మోకాలు వంగదు కదా. అందుకే యాప్ అయినా, గ్రూపు అయినా, కోర్సు అయినా, ఆన్‌లైన్ సహాయం ఏదైనా సరే, నేను ముందు చూసేది ఒకటే: వచ్చే వారం మీరేం చేస్తారని అది అడుగుతుందా, వారం తిరిగాక ఏమైందని మళ్లీ పలకరిస్తుందా?

2019 నాటికి ప్రపంచంలో దాదాపు 52.8 కోట్ల మందికి కీళ్ల అరుగుదల ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతమందికీ వారం వారం ఎదురుగా కూర్చుని చెప్పేవాళ్లు దొరకడం అయ్యే పని కాదు. ఆన్‌లైన్ అవసరం అక్కడే వచ్చింది.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో కేట్ లోరిగ్ అనే పరిశోధకురాలు 1970ల చివర్లో, కీళ్ల నొప్పులున్నవాళ్లు తమ నొప్పిని తామే సంభాళించుకోవడం నేర్పే కోర్సు మొదలుపెట్టారు. 6 వారాలు, వారానికోసారి 2 గంటలు. నడిపేది డాక్టర్లు కాదు, చాలావరకు అవే నొప్పులు పడుతున్న మామూలు మనుషులు. తర్వాత అది ఇంటర్నెట్‌కీ వచ్చింది. మేలు పొందినవాళ్లని గమనిస్తే, ఎంత సమాచారం నేర్చుకున్నారన్నదానికన్నా "నేను చేయగలను" అన్న ధైర్యం ఎంత పెరిగిందన్నదే ముఖ్యమని తేలింది. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే.

ఆ ధైర్యం ఊరికే రాదు. "రోజూ వాకింగ్ చేస్తాను" అంటే అది ప్లాన్ కాదు, కోరిక. "సోమ, బుధ, శుక్రవారాల్లో సాయంత్రం స్నానానికి ముందు 10 నిమిషాలు నడుస్తాను" అంటే ప్లాన్. ప్లాన్ చెప్పాక కోర్సు నడిపేవాళ్లు వెంటనే ఇంకో ప్రశ్న అడుగుతారు, ఇది చేస్తారన్న నమ్మకం 10కి ఎంత? 7 కన్నా తక్కువైతే మనిషిని తిట్టరు, ప్లాన్‌నే తగ్గిస్తారు. 10 నిమిషాలు 5 అవుతాయి, మూడు రోజులు రెండవుతాయి.

ఇంకోటి, నొప్పి తక్కువున్న రోజు ఇదే అదనని పెండింగ్ పనులన్నీ మీదేసుకుని, ఆ తర్వాత రెండు మూడు రోజులు మంచం దిగలేకపోవడం... కీళ్ల నొప్పులున్న చాలామందికి తెలిసిన సంగతే. పని ముక్కలు చేసుకోండి, నొప్పి వచ్చి ఆపేదాకా చూడకుండా, టైమర్ పెట్టుకుని అది మోగగానే కూర్చోండి. కదిలితే కీళ్లు ఇంకా అరిగిపోతాయన్న భయం కూడా వదలండి, తగినంత వ్యాయామం వల్ల తొడ కండరాలు బలపడి మోకాలికి ఆసరా అవుతుంది. కొంచెం నొప్పి పెరిగి మర్నాటికి సర్దుకుంటే టెన్షన్ పడక్కర్లేదు. కీలు ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే మాత్రం యాప్ పక్కన పెట్టి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇలాంటి గ్రూపులు నడిపేవాళ్లకి నాదొక విన్నపం. నొప్పి పూర్తిగా పోతుందని నూనెలు, పొడులు అమ్మేవాళ్లని లోపలికి రానివ్వకండి. స్మార్ట్‌ఫోన్ వాడటం రానివాళ్లకి మామూలు ఫోన్ కాల్ చేయండి. ఒక వారం చప్పుడు లేకుండా ఉన్నవాళ్లని "ఎందుకు చేయలేదు" అనకుండా "ఏం అడ్డొచ్చింది" అని అడగండి, ఆ అడ్డం తొలగించే చిన్న మార్పు ఏదో వాళ్లనే చెప్పనివ్వండి.