బొమ్మ పొట్టిదైతే తప్పు టీవీది కాదు

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు ట్రంకురోడ్డులో గానీ, ఒంగోలులో గానీ టీవీల షాపు మెట్టెక్కగానే వినపడే మొదటి మాట: "ఎన్ని అంగుళాలు కావాలండీ?" మనం ఇంట్లో గోడని ఒకసారి తలుచుకుని ముప్పై రెండనో, నలభై మూడనో అంటాం. సీరియళ్లకీ వార్తలకీ ఆ లెక్క చాలు. సినిమాల కోసమే కొంటుంటే మాత్రం చాలదు.

అంగుళాలంటే తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఏటవాలుగా కొలిచింది. సినిమా చూసేవాడికి కావలసింది బొమ్మ ఎత్తు. మన తెలుగులో 1974లో అల్లూరి సీతారామరాజుతో సినిమాస్కోపు వచ్చింది. స్కోపు బొమ్మ ఎత్తు కంటే వెడల్పు రెండింతలు దాటి, రెండుంబావు ఇంతల పైనే ఉంటుంది. టీవీ తెరేమో 16:9, అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు. అంత సాగి ఉండదు. అందుకే స్కోపు సినిమా పెడితే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి. అవి రావాలి. రాకపోతేనే అనుమానించాలి, ఎక్కడో బొమ్మని కోస్తున్నారని.

లెక్క వినండి. 43 అంగుళాల టీవీ తెర వెడల్పు 95 సెంటీమీటర్లు, ఎత్తు 53న్నర. దాంట్లో స్కోపు బొమ్మ ఎత్తు 40 సెంటీమీటర్లే. పైన ఒక ఏడు, కింద ఒక ఏడు నలుపుకి పోతాయి. మరి 32 అంగుళాల టీవీ తెర మొత్తం ఎత్తు ఎంత? అదీ 40 సెంటీమీటర్లే! అంటే 43లో స్కోపు సినిమా చూస్తుంటే, ఎత్తు వరకూ 32 అంగుళాల టీవీ చూస్తున్నట్టే. ఇంట్లో ఎక్కువగా ఆడేది స్కోపు సినిమాలైతే, అనుకున్న సైజు కంటే ఒక మెట్టు పైకి వెళ్లండి. పాత నలుపు తెలుపు సినిమాలే ఇష్టమైతే ఆ అవసరం లేదు. వాటి బొమ్మ ఇంచుమించు చతురస్రం, తెర ఎత్తంతా నిండుతుంది, పక్కలే ఖాళీగా ఉంటాయి. వాటికి 43 అంగుళాలు సరిపోతుంది.

కూర్చునే దూరం సంగతి. అంగుళాలని ఒకటిన్నరతో గుణిస్తే ఆ అంగుళాల దూరం బాగుంటుంది. 43కి ఐదున్నర అడుగులు, 55కి ఏడడుగులు. పది అడుగుల హాల్లో ఒక గోడకి సోఫా, ఎదుటి గోడకి టీవీ పెడితే కంటికీ తెరకీ మధ్య ఎనిమిది అడుగులుంటుంది. అంటే 50 గానీ 55 గానీ హాయిగా పడుతుంది. మీ దగ్గర ఉన్నవన్నీ పాత డీవీడీలే అయితే 50 దగ్గర ఆగమంటాను. డీవీడీలో ఉండేది 576 అడ్డగీతల బొమ్మ, అమెరికా పద్ధతి డిస్కుల్లో 480. దాన్ని మరీ పెద్ద తెర మీద పరిస్తే అలుక్కుపోతుంది. ఒక్క డిస్కులో మూడు సినిమాలు కుక్కిన రకమైతే ముఖాల మీద గళ్లు గళ్లుగా కూడా కనపడుతుంది. టీవీ మార్చినా ఆ గళ్లు పోవు.

పండక్కి ఇంటినిండా చుట్టాలు దిగి, చాప పరుచుకుని గోడవారగా కూర్చునే ఇల్లయితే షాపులో ఇంకో పరీక్ష చెయ్యండి. టీవీ ఎదురుగా కాక బాగా పక్కకి వెళ్లి చూడండి. కొన్ని తెరల్లో రంగు వెలిసిపోతుంది. తెరల్లో ఐపీఎస్, వీఏ అని రెండు రకాలుంటాయి. ఐపీఎస్ రకం పక్కనించి బాగుంటుంది, కానీ చీకటి సీన్లలో నలుపు బూడిదరంగులో ఉంటుంది. వీఏ రకం నలుపు చిక్కన, పక్క చూపు తక్కువ. ఇద్దరు ముగ్గురు ఎదురుగా కూర్చుని రాత్రిళ్లు చూసే ఇంటికి వీఏ నయం.

ఇక ప్లేయరు. డీవీడీ ప్లేయరు ఎర్ర లేజరుతో చదువుతుంది, బ్లూరే ప్లేయరులో నీలి ఊదా లేజరు కూడా ఉంటుంది. అందుకని బ్లూరే ప్లేయరులో డీవీడీ ఆడుతుంది, డీవీడీ ప్లేయరులో బ్లూరే ఆడదు. అమెరికా నుంచి పిల్లలు డిస్కులు తెచ్చే ఇళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. డిస్కు అట్ట వెనక భూగోళం బొమ్మలో ఒక అంకె గానీ అక్షరం గానీ ఉంటుంది, చూడండి. ఆ డిస్కు ఏ ప్రాంతానిదో చెప్పే గుర్తు అది. డీవీడీకి మన దేశం 5, అమెరికా 1. బ్లూరేకి మనది సీ, వాళ్లది ఏ. కుదరకపోతే ప్లేయరు మొరాయిస్తుంది. 4కే బ్లూరే డిస్కులకి ఈ గొడవ లేదు. డిస్కుతో పాటు ప్లేయరు కూడా అక్కణ్నించే వచ్చిందా, ప్లగ్గు పెట్టేముందు దాని వెనక స్టిక్కరు చదవండి. 100 నుంచి 240 వోల్టులని ఉంటే సరే. 120 అని మాత్రమే ఉంటే మన కరెంటుకి అది కాలిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. దీనికోసం ఒక కాగితం, కలం దగ్గర పెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

కొత్త టీవీ వచ్చింది. పాత డీవీడీ ప్లేయరు తగిలించారు. పల్లెటూరి సినిమా పెట్టారు. తెర మీద ఒంగోలు గిత్త నడిచొస్తోంది. మూపురం ఉంది, గంగడోలు ఉంది, ఠీవి లేదు. కాళ్లు పొట్టి, పొట్ట వెడల్పు. మన ఒంగోలు గిత్త కాస్తా పుంగనూరు ఆవులా ఉంది! బండి చక్రం కోడిగుడ్డులా ఉంది. హీరోయిను ఒళ్లు చేసింది. ఇంట్లోవాళ్లు టీవీని తిడతారు, షాపుకి ఫోను చేస్తారు.

తప్పు టీవీది కాదు. ప్లేయరుది కూడా కాదు. ప్లేయరు లోపల సెటప్ అనే పేజీలో "టీవీ టైపు" అనే వరస ఒకటుంటుంది. పాత డబ్బా టీవీ ఉన్న రోజుల్లో దాన్ని 4:3 అని పెట్టి వదిలేశారు. ఆ వరస ఇప్పటికీ అలాగే ఉంది. ప్లేయరు దృష్టిలో మీ ఇంట్లో ఇంకా ఆ డబ్బా టీవీయే ఉంది.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. వైడ్‌స్క్రీన్ డీవీడీలో బొమ్మని పక్కల నించి నొక్కి, సన్నగా దాస్తారు. టీవీ 16:9 అని తెలిస్తే ప్లేయరు ఆ నొక్కిన బొమ్మని ఉన్నదున్నట్టు పంపుతుంది, టీవీ దాన్ని పక్కలకి సాగదీసి సరిచేస్తుంది. స్కోపు సినిమాకి 576 గీతల్లో 436 దాకా బొమ్మకి దక్కుతాయి. టీవీ 4:3 అని రాసి ఉంటే ప్లేయరు ఏం చేస్తుంది? ప్రతి నాలుగు గీతల్లో ఒకటి పారేసి, బొమ్మని పైనించి కిందకి కుదించి, తనే నల్లపట్టీలు అతికించి పంపుతుంది. 436 కాస్తా 327 అయింది. ఆ కుదించిన దాన్ని తీసుకుని కొత్త టీవీ మళ్లీ పక్కలకి సాగదీస్తుంది. 43 అంగుళాల తెర మీద 40 సెంటీమీటర్ల ఎత్తుండాల్సిన బొమ్మ 30 సెంటీమీటర్ల రిబ్బనైపోతుంది. నాలుగో వంతు ఎత్తు పోయింది. గిత్త కాళ్లు పోయిందక్కడే.

హెచ్‌డీఎంఐ తీగ తగిలిస్తే కొన్ని ప్లేయర్లు సాగదీయవు గానీ, బొమ్మ చుట్టూ నాలుగు పక్కలా నలుపు పెట్టి, కిటికీలోంచి చూసినట్టు చేస్తాయి. కారణం అదే. ఆ వరసే. చాలామంది దీనికి టీవీ రిమోటులో జూమ్ నొక్కుతారు. తెర నిండుతుంది, నిజమే. కానీ పారేసిన గీతలు తిరిగి రావు. మసకబొమ్మ ఇంకాస్త మసకవుతుంది.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని పాత డిస్కుల్ని తయారుచేసేటప్పుడే నల్లపట్టీలతో 4:3లో అచ్చేశారు. ప్లేయరులో అన్నీ సరిగ్గా ఉన్నా అవి నాలుగు పక్కలా నలుపుతోనే వస్తాయి. వాటికి మాత్రం జూమే దిక్కు.

తీగ గురించి రెండు ముక్కలు. హెచ్‌డీఎంఐ ఉంటే అదే. ప్లేయరుకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులే ఉంటే, కొత్త టీవీలో ఆ మూడు రంధ్రాలు ఉన్నాయో లేదో కొనకముందే చూడండి. చాలా వాటిలో ఇప్పుడు చిన్న గుండ్రటి రంధ్రం ఒకటే ఉంటోంది, దానికి ప్రత్యేకమైన తీగ కావాలి. బజారులో దొరికే అలాంటి తీగలన్నీ ఒకేలా ఉండవు, లోపల వరస మారుతుంది. బొమ్మ రాక, స్పీకర్లో జుయ్యిమని మోత వస్తే పసుపు బదులు ఎర్ర పిన్ను పెట్టి చూడండి. పసుపు, ఆకుపచ్చ రెండు రంగులూ కలిసిన రంధ్రమున్న టీవీలో బొమ్మ నలుపు తెలుపుగా వస్తే, టీవీలో ఇన్‌పుట్ కాంపోనెంటులో ఉందని అర్థం. ఏవీ కి మార్చాలి.

మాటలు వినపడవు, పాటలొస్తే ఇల్లదిరిపోతుంది అనే ఫిర్యాదు ఒకటుంది. ఆరు స్పీకర్ల కోసం చేసిన 5.1 ట్రాకులో మాటలు మధ్య స్పీకరుకి ఉంటాయి. మన టీవీకి మధ్య స్పీకరు ఎక్కడిది? డిస్కు మెనూలో రెండు స్పీకర్ల 2.0 ట్రాకు ఉంటే అది పెట్టండి. లేకపోతే ప్లేయరు ఆడియో పేజీలో డౌన్‌మిక్స్ స్టీరియో అనీ, డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం అనీ పెట్టండి. అక్కడే డీఆర్‌సీ అని ఉంటుంది, రాత్రిపూట అది ఆన్ చేసుకుంటే మాటకీ మోతకీ తేడా తగ్గుతుంది. బొమ్మ వచ్చి శబ్దం అసలే రాకపోతే అది డీటీఎస్ అనే ఇంకో రకం శబ్దపు ట్రాకయి ఉండొచ్చు. ప్లేయరుకి డీటీఎస్ చదవడం వస్తే పీసీఎం దానికీ మందే, రాకపోతే డిస్కు మెనూలో వేరే ట్రాకు పెట్టుకోవాలి.

మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో పిన్నులకి చిలుము పడుతుంది. ఆరునెల్లకోసారి తీసి, పొడిగుడ్డతో తుడిచి పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాల కాలంలో ఉరుములు వచ్చేలా ఉంటే స్విచ్చి ఆపి ఊరుకోవద్దు. ప్లగ్గుతో పాటు కేబులు తీగ కూడా ముందే పీకెయ్యాలి. పిడుగు దెబ్బ ఆ తీగలోంచి కూడా వస్తుంది.

సరే, కాగితం కలం తీసుకున్నారా? టీవీ టైపు వరస మార్చే పద్ధతి. చాలామంది ఇక్కడే ఓడిపోతారు. సినిమా ఆడుతుండగా సెటప్ నొక్కుతారు, ఆ వరస బూడిదరంగులో ఉంటుంది, కదలదు. ప్లేయరు పాడైందనుకుని వదిలేస్తారు. అది పాడవలేదు, సినిమా ఇంకా ఆగలేదు, అంతే. రిమోటులో స్టాప్ ఒక్కసారి నొక్కితే ప్లేయరు ఆగిన చోటు గుర్తుపెట్టుకుని కూర్చుంటుంది. రెండోసారి నొక్కితేనే పూర్తిగా ఆగుతుంది. కాబట్టి స్టాప్ రెండుసార్లు. అప్పటికీ కదలకపోతే డిస్కు బయటికి తీసెయ్యండి. తర్వాత సెటప్. అందులో మొదటి పేజీలో గానీ, వీడియో పేజీలో గానీ టీవీ టైపు, లేదా టీవీ డిస్‌ప్లే అని ఉంటుంది. కుడి బాణం నొక్కితే 4:3 పీఎస్, 4:3 ఎల్‌బీ, 16:9 అని కనపడతాయి. 16:9 మీదికి వెళ్లి ఓకే కొట్టండి. పాత చతురస్రపు సినిమాలు కూడా చూసే ఇల్లయితే, వైడ్ స్క్వీజ్ అని ఇంకోటి ఉంటే అది ఎంచుకోండి, వాటిని సాగదీయకుండా ఉంచుతుంది.

మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి. స్టాప్ రెండుసార్లు. సెటప్. టీవీ టైపు. 16:9.

ఇప్పుడు డిస్కు పెట్టి, గుండ్రటిదేదైనా, బండి చక్రమో, చందమామో, ఎదురుగా కనపడిన చోట పాజ్ చెయ్యండి. టైలరు టేపు తెర మీద ఆనించి అడ్డంగా కొలవండి, నిలువుగా కొలవండి. అడ్డం 16, నిలువు 12 వస్తే పాత వరసే ఉందన్నమాట, ఓకే కొట్టడం మరిచారు. రెండూ ఒకటే వస్తే టేపు మడిచి లోపల పెట్టెయ్యండి.