క్రొత్త నిబంధనను రాసిన చేతులు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారాలు, వందనాలు.

క్రొత్త నిబంధనలో రోమీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, ఎవరిదని అడిగితే ఆదివారం బడికి వెళ్లే పిల్లలు కూడా పౌలుదని చెబుతారు. ఆ పత్రిక మొదలయ్యేదే ఆయన పేరుతో కాబట్టి ఆ జవాబులో తప్పేమీ లేదు. అయితే అదే పత్రిక 16వ అధ్యాయం 22వ వచనంలో, ఈ పత్రికను రాసిన తెర్తియు అనే నేను మీకు వందనాలు చెబుతున్నానంటూ మరొక మనిషి ముందుకు వస్తాడు. ఒక్క వాక్యం చెప్పి తప్పుకుంటాడు. క్రొత్త నిబంధనలో మరెక్కడా ఆయన ప్రస్తావన లేదు. ఎన్నో ఏళ్లుగా ఆ పత్రికను చదువుతూ ఆ వచనాన్ని దాటుకుంటూ పోయిన నేను, ఒకనాడు అక్కడ ఆగి, ఈ గ్రంథం మన దాకా రావడానికి ఎన్ని చేతులు పనిచేశాయో అని ఆలోచించడం మొదలుపెట్టాను. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ చేతుల గురించే.

తెర్తియు వ్రాయసకాడు. పౌలు చెబుతుంటే ఆయన పపైరసు మీద సిరాతో రాశాడు. ఆ కాలపు రోమను సామ్రాజ్యంలో ఉత్తరాలు ఇలా రాయించుకోవడం మామూలు సంగతి. వ్రాయసకాడు రాసిన ఉత్తరానికి చివర పంపేవాడు స్వయంగా రెండు ముక్కలు రాసి ముగించే అలవాటూ ఉండేది. గలతీయులకు రాసిన పత్రిక చివర పౌలు, నా సొంత చేతితో ఎంత పెద్ద అక్షరాలు రాస్తున్నానో చూడండి అంటాడు. అలవాటున్న లేఖకుడి పొందికైన రాత పక్కన ఆ పెద్ద అక్షరాలు ఎలా కనిపించి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఆ మొదటి ఉత్తరం ఇప్పుడు లేదు, దాని నకళ్లకు నకళ్లే మిగిలాయి. వాటిలో అన్ని అక్షరాలూ ఒకే పరిమాణంలో ఉంటాయి కాబట్టి, ఆయన చూడమన్నదాన్ని చూసే భాగ్యం మనకు లేకుండా పోయింది.

పౌలు పేరు మీద క్రొత్త నిబంధనలో 13 పత్రికలున్నాయి. వాటిలో రోమీయులకు, కొరింథీయులకు రెండు, గలతీయులకు, ఫిలిప్పీయులకు, థెస్సలొనీకయులకు మొదటిది, ఫిలేమోనుకు రాసినది, మొత్తం ఏడు ఆయనవేనన్న విషయంలో పండితుల మధ్య దాదాపు ఏకాభిప్రాయం ఉంది. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక సుమారు క్రీ.శ. 50 నాటిది. అంటే యేసు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తల్లో మొదట రాసినదిగా భావించే మార్కు కన్నా అది ఇరవై ఏళ్లు పాతది. మిగిలిన ఆరింటి మీద వాదం నడుస్తూనే ఉంది. తిమోతికి, తీతుకు రాసిన పత్రికల పదజాలం, వాటిలో కనిపించే సంఘ నిర్వాహక వ్యవస్థ, పౌలు జీవితకాలం తరువాతి స్థితిని చూపుతున్నాయని చాలామంది అంటారు. ఎఫెసీయులకు రాసిన పత్రిక కొలొస్సయులకు రాసినదాన్ని పక్కన పెట్టుకొని రాసినట్టుంటుంది. థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రికది మరీ చిత్రమైన స్థితి. మా పేరుతో వచ్చిన ఉత్తరాన్ని నమ్మి కలవరపడకండని హెచ్చరించేది ఆ పత్రికే, ఇదిగో నా చేతి రాత, నా ప్రతి పత్రికకూ ఇదే గుర్తు అని చెప్పేదీ ఆ పత్రికే. దానిని పౌలు రాసి ఉంటే, ఆయన బతికి ఉండగానే ఆయన పేరుతో దొంగ ఉత్తరాలు తిరుగుతున్నాయని అర్థం. ఆయన రాయకపోయి ఉంటే ఆ హెచ్చరికను ఎలా అర్థం చేసుకోవాలన్నది తేలికైన ప్రశ్న కాదు.

గురువు పేరుతో శిష్యుడు రాయడం అనగానే తెలుగువారికి ఎఱ్ఱన గుర్తుకు రావడం సహజం. 11వ శతాబ్దంలో నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దంలో ఎఱ్ఱన పూరించి, నన్నయ కవితారీతి కొంత తోచేటట్టుగా, అది నన్నయ రచనే అన్నట్టుగా సాగించి, రాజరాజనరేంద్రునికే అంకితం ఇచ్చాడు. పౌలు శిష్యులూ ఇలాగే చేసి ఉంటారని, అందులో మోసం లేదని, ఆ కాలంలో దానిని గౌరవంగానే భావించేవారని కొందరు చెబుతారు. నాకూ చాలా కాలం ఆ సమాధానం నచ్చింది. ఇప్పుడు అది చాలదనిపిస్తుంది. ఎఱ్ఱన తాను పూరించానని పద్యంలోనే చెప్పాడు, ఎవరి మాట ఎక్కడ ముగిసిందో పాఠకుడికి తెలియకుండా దాచలేదు. పైగా తొలి సంఘం ఇలాంటి రాతలను ఏ పేచీ లేకుండా అంగీకరించిందనడానికీ వీలులేదు. సుమారు 200 ప్రాంతంలో క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ ఒక సంగతి చెబుతాడు. రోమను సామ్రాజ్యంలోని ఆసియా ప్రాంతంలో ఒక సంఘపెద్ద, పౌలు పేరు చెప్పి ఒక గ్రంథం కల్పించాడు. పట్టుబడినప్పుడు పౌలు మీద ప్రేమతోనే చేశానని ఒప్పుకున్నాడు, అయినా తన పదవి పోగొట్టుకున్నాడు. కాబట్టి ఎఫెసీయులకు రాసిన పత్రిక పౌలుది కాదని నమ్మేవారు, ఆ రచయిత తన పేరు ఎందుకు దాచుకున్నాడో వివరించే బాధ్యతను తప్పించుకోకూడదు. అది పౌలుదేనని నమ్మేవారు కూడా మిగిలిన పత్రికలతో పోలిస్తే దాని శైలిలో కనిపించే తేడాకు సమాధానం చెప్పాలి.

ఈ ప్రశ్నలు ఐరోపా విశ్వవిద్యాలయాల్లో నిన్నమొన్న పుట్టాయని, విశ్వాసాన్ని దెబ్బతీయడానికే పుట్టాయని మన సంఘాల్లో ఒక అభిప్రాయం ఉంది. దీనిని నేను గట్టిగా కాదంటాను. హెబ్రీయులకు రాసిన పత్రికలో రచయిత పేరు లేదు. 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిగెను ఆ పత్రికలోని ఆలోచనలు అపొస్తలుడైన పౌలువేనని, భాష మాత్రం ఆయనది కాదని చెప్పి, దానిని నిజంగా ఎవరు రాశారో దేవునికే తెలుసునన్నాడు. ఆయన శిష్యుడు, అలెక్సంద్రియ సంఘాధ్యక్షుడైన దియొనూసియస్ ఇంకా లోతుకు వెళ్లాడు. యోహాను సువార్తలోని గ్రీకులో తప్పులు లేవు, ప్రకటన గ్రంథం గ్రీకులో వ్యాకరణ దోషాలున్నాయి. సువార్త రచయిత తన పేరు ఎక్కడా చెప్పుకోడు, ప్రకటన రచయిత పదే పదే చెప్పుకుంటాడు. సువార్తలో తరచుగా వచ్చే జీవము, వెలుగు, సత్యము వంటి మాటల ఒరవడి ప్రకటనలో కనబడదు. కనుక ఈ రెండూ ఒకే చేతివి కావని, యోహాను అనే పేరు గలవారు చాలామంది ఉండేవారని ఆయన తేల్చాడు. అయినా ప్రకటన గ్రంథాన్ని ఆయన పక్కకు నెట్టలేదు, తన బుద్ధికి అందని లోతు అందులో ఉందన్నాడు. పదజాలం, వ్యాకరణం, రచనా స్వభావం ఆధారంగా కర్తృత్వాన్ని తూచే పద్ధతి, పదిహేడు వందల ఏళ్ల క్రితం ఒక సంఘాధ్యక్షుడి బల్ల మీద ఇంత పరిణతితో ఉండేది.

ఇక సువార్తలు. నాలుగింటిలో ఏ ఒక్కదాని మూలపాఠంలోనూ రచయిత తన పేరు చెప్పడు. గ్రీకు ప్రతుల్లోని శీర్షికలకు మత్తయి ప్రకారం, మార్కు ప్రకారం అని అర్థం. ఒకటి కన్నా ఎక్కువ సువార్తలు చేతికి వచ్చి, వేటిని ఏమని పిలవాలన్న అవసరం కలిగినప్పుడు అలాంటి శీర్షికలు పుడతాయి. 2వ శతాబ్దం మొదటి భాగంలో హియెరాపొలి సంఘాధ్యక్షుడు పపియాస్, మార్కు పేతురుకు దుబాసీగా ఉండి, గుర్తున్నంత వరకు, అయితే వరుసగా కాకుండా రాశాడని చెప్పాడు. మత్తయి ప్రభువు మాటలను హెబ్రీ భాషలో కూర్చాడనీ అన్నాడు. సుమారు 180లో ఐరేనియస్ అనే సంఘాధ్యక్షుడు నాలుగు పేర్లనూ స్పష్టంగా ఇచ్చాడు.

పపియాస్ మాటలో చిక్కు ఉంది. మన చేతిలో ఉన్న మత్తయి సువార్త గ్రీకు రచన, అదీ మార్కు గ్రీకును వాక్యాలకు వాక్యాలుగా వాడుకున్న రచన. మార్కులో ఉన్న విషయంలో తొంభై శాతానికి పైగా మత్తయిలో ఉంది. సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మనిషిని యేసు పిలిచిన సంఘటననే చూడండి. మార్కు ఆ మనిషి పేరు లేవి అంటాడు, ఈ సువార్త మత్తయి అంటుంది, మిగిలిన కథనం ఇంచుమించు అవే మాటలతో సాగుతుంది. తన సొంత జీవితంలోని అతి గొప్ప క్షణాన్ని చెప్పడానికి ఒక అపొస్తలుడు అక్కడ లేని మనిషి రాతను ఆశ్రయిస్తాడా అన్న ప్రశ్న వేసినవారిని అవిశ్వాసులని తోసిపుచ్చడం న్యాయం కాదు. మూలాలను వాడుకోవడం తప్పని లూకా అయితే ఎన్నడూ అనుకోలేదు. అంతకు ముందే అనేకులు వృత్తాంతాలు రాయడానికి పూనుకున్నారని, కన్నులారా చూసినవారి నుంచి సంగతులు తమకు అందాయని, తాను వాటిని మొదటి నుంచి పరిశీలించి వరుసగా రాస్తున్నానని థెయొఫిలా అనే ఆయనకు చెప్పుకున్నాడు. తన పనిని ఇంత నిజాయితీగా చెప్పుకున్న ఆ నాలుగు వచనాల పీఠిక అంటే నాకు ఎంతో ఇష్టం.

రాసిన చేతుల తరువాత నకలు తీసిన చేతులు. తాళపత్రాలతో పనిచేసినవారికి పాఠభేదం (ప్రతికీ ప్రతికీ మధ్య మాటల తేడా), ప్రక్షిప్తం (తరువాత ఎవరో చేర్చిన భాగం) అన్న మాటలు కొత్తవి కావు. క్రొత్త నిబంధనకు గ్రీకులోనే ఐదు వేలకు పైగా చేతిరాత ప్రతులున్నాయి. పదాల మధ్య ఖాళీ లేకుండా రాసిన ఆ పాత ప్రతుల్లో కన్ను జారడం ఎంత తేలికో చెప్పనక్కరలేదు. 4వ శతాబ్దపు వాటికన్ ప్రతిలో, హెబ్రీయులకు రాసిన పత్రిక 1వ అధ్యాయం 3వ వచనం పక్కన ఒక లేఖకుడి కోపం నేటికీ మిగిలి ఉంది. మొదటి లేఖకుడు ఒక మాట రాశాడు, తరువాత ఒకరు దానిని దిద్దారు, ఆ తరువాత వచ్చిన మరొకరు దిద్దుబాటును చెరిపి పాత మాటనే తిరిగి రాసి, మూర్ఖుడా, దుర్మార్గుడా, పాతదాన్ని అలాగే ఉంచు, మార్చవద్దు అని అంచున రాశాడు. విచారకరమైన విషయం ఏమిటంటే, ఆ చోట దిద్దినవాడే సరిగా దిద్దాడు. ప్రతిని కాపాడాలన్న అతని తపన మాత్రం నిజమైనది.

పెద్ద పాఠభేదాల్లో నన్ను అన్నిటికన్నా కదిలించేది మార్కు సువార్త ముగింపు. వాటికన్ ప్రతిలోనూ, సీనాయి కొండ దగ్గరి మఠంలో దొరికి ఇప్పుడు ఎక్కువ భాగం లండన్‌లో ఉన్న సీనాయి ప్రతిలోనూ, ఆ సువార్త 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. ఖాళీ సమాధిని చూసిన స్త్రీలు వణుకుతూ పారిపోతారు, ఎవరికీ ఏమీ చెప్పరు. గ్రీకులో చివరి మాట గార్. మన గనుక లాగే అదీ తాను కలిపే మాటకు వెనుక వస్తుంది కాబట్టి, సువార్త అక్షరాలా 'భయపడుతున్నారు గనుక' అని ముగుస్తుంది. మన తెలుగు బైబిలులో వాక్యక్రమం మారి 'ఏమియు చెప్పలేదు' చివరికి వచ్చింది. ఆ తరువాతి పన్నెండు వచనాల్లో మగ్దలేనే మరియను అప్పుడే మొదటిసారి చూపుతున్నట్టు మళ్లీ పరిచయం చేస్తారు, గ్రీకు నడక కూడా మారుతుంది. 4వ శతాబ్దంలో సంఘ చరిత్రకారుడు యూసేబియస్ సరైన ప్రతులు 8వ వచనంతోనే ముగుస్తాయన్నాడు. అయితే ఐరేనియస్ అంతకు శతాబ్దానికి పైగా ముందే 19వ వచనాన్ని మార్కు మాటగా ఉదాహరించాడు. చేర్పు అన్నంత మాత్రాన అది ఆలస్యంగా వచ్చినది కాదు. మార్కు అక్కడితోనే ఆపాడా, చివరి ఆకు పోయిందా అన్నది తేలని వాదం. అతడు అక్కడే ఆపాడనే నేను నమ్ముతాను. ఆ స్త్రీల మౌనం దగ్గర ఆగిపోయిన పాఠకుడు, మొదటి అధ్యాయంలో యేసు తన పని మొదలుపెట్టిన గలిలయకు తిరిగి వెళ్లక తప్పదు.

వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథది వేరే దారి. యోహాను సువార్త అతి పాత ప్రతుల్లో అది లేదు. దానిని చూపే గ్రీకు ప్రతుల్లో పాతది 5వ శతాబ్దం నాటిదిగా చెప్పే బేజా ప్రతి. కొన్ని ప్రతుల్లో అది యోహాను చివరనూ, మరికొన్నింట లూకా 21వ అధ్యాయం తరువాతనూ కనిపిస్తుంది. ఉండడానికి చోటు వెతుక్కుంటూ తిరిగిన కథ అది. భార్యలకు అలుసు ఇచ్చినట్టవుతుందని భయపడినవారు దానిని తీసేశారని సంఘ పండితుడు ఆగస్టీన్ అనుకున్నాడు. పాఠపరిశోధకుల్లో ఎక్కువమంది అది తరువాత చేరిందనే అంటారు. యోహాను రాయకపోయినా అది చాలా పాత జ్ఞాపకమే అయి ఉండవచ్చు.

ఇక అచ్చు వేయించిన చేతులు. 1516లో బాసెల్ నగరంలో గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చు వేయించిన డచ్చి పండితుడు ఎరాస్మస్, తన దగ్గరున్న ప్రకటన గ్రంథం ప్రతిలో చివరి ఆకు లేకపోతే ఆ వచనాలను లాటిన్ నుంచి గ్రీకులోకి తానే అనువదించుకున్నాడు. యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయంలో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ అనే ముగ్గురు పరలోకపు సాక్షుల గురించిన వాక్యం పాత గ్రీకు ప్రతుల్లో లేదని ఆయన మొదట దానిని వదిలేశాడు. విమర్శలు వచ్చాక 1522 ముద్రణలో చేర్చాడు. మన వాడుకలోని పాత తెలుగు బైబిలులో అక్కడ ఆత్మ, నీళ్లు, రక్తము మాత్రమే సాక్షులు.

తెలుగు చేతుల మాట కూడా చెప్పాలి. 18వ శతాబ్దంలో జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగు చేసినా ఆ రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ సువార్తల అనువాదానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. వారితో కూర్చొని ఆ పనికి తెలుగు పలుకు ఇచ్చినవాడు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. ఆ సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తెర్తియుకు తన పేరు చెప్పుకోవడానికి పౌలు పత్రికలోనే ఒక వచనం దక్కింది. ఆనందరాయరు పేరు మిషన్ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది, మనం ఆదివారం విప్పే తెలుగు బైబిలులో అది లేదు.