బుడ్డలా, చెనిక్కాయలా?

శ్రోతలకు నమస్కారం.

కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె అనుకోండి. సాయంత్రం ఆరు గంటలు, రచ్చకట్ట మీద నలభై మంది రైతులు. వ్యవసాయాధికారి లేచి, "వేరుశనగకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేయండి" అన్నాడు. ఆ మాట ముగియకముందే వెనక నుంచి ఒకాయన, "వేరుశనగ ఏంది సార్, చెనిక్కాయ అనండి" అన్నాడు. "మా కాడ బుడ్డలంటాం" అన్నాడు ఇంకొకాయన. "పల్లీలనేదెవరు మరి?" అని మూడో ఆయన. పేరు మీద అరగంట నడిచింది. చీకటి పడింది, అందరూ లేచారు. జిప్సం మీద ఒక్క ప్రశ్న లేదు.

వీళ్లకు తెలివి తక్కువనుకుంటే పొరపాటు. ఆ పేరు వాళ్లు పుట్టినప్పటి నుంచి పలుకుతున్నది. దాని మీద మాట్లాడితే తప్పు పోయే భయం లేదు. జిప్సం మీద నోరు తెరిస్తే పదిమందిలో పొరబడతామేమోనని జంకు. సభకు వచ్చి మాట్లాడకుండా పోవడమూ ఇష్టముండదు. అందుకని తెలిసిన చోటే గొంతు లేస్తుంది. పైగా మన ఊరి మాటను పక్కన పెడితే మనల్నే పక్కన పెట్టినట్టు ఉంటుంది. ఆ నొప్పి నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు.

1957లోనే పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత ఒక కమిటీ కథ కల్పించి ఇదే చెప్పాడు. కోటి పౌండ్ల అణు రియాక్టరును రెండున్నర నిమిషాల్లో ఒప్పుకున్న పెద్దలు, సైకిల్ షెడ్డు దగ్గర మాత్రం ముప్పావు గంట వాదించుకున్నారు. రియాక్టరు ఎవరికీ తెలియదు. షెడ్డు అందరికీ తెలుసు.

మన రచ్చకట్ట దగ్గర జారిపోయిందేమిటో చూద్దాం. 200 కిలోలు సరే, ఎప్పుడు వేయాలి? ఎక్కడ వేయాలి? ఎందుకు వేయాలి?

కాయ గట్టిపడి గింజ నిండాలంటే కాల్షియం కావాలి, జిప్సం ఇచ్చేది అదే. వేరు పీల్చిన కాల్షియం ఆకుకు పోతుంది, అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగి కాయకు రాదు. పూత నుంచి నేలలోకి దిగే ఊడ, దాని కొసన ఊరే కాయ తమ చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకోవాలి. కాబట్టి జిప్సం తొలిపూత సమయంలో పడాలి, అంటే విత్తిన 30 రోజులకు కాస్త అటూ ఇటూ. మొక్క మొదలు దగ్గర చాళ్లలో వేసి, మట్టి ఎగదోయాలి. కాయ ఊరేది పై ఐదు సెంటీమీటర్ల మట్టిలో, జిప్సం ఉండాల్సిందీ అక్కడే. నేలలో తేమ లేకపోతే అది కరగదు, కరగకపోతే కాయకు అందదు. 45 రోజులు దాటినాక మొదళ్ల దగ్గర మట్టి కదిలిస్తే దిగిన ఊడలు తెగుతాయి. ఆలస్యమైతే మిగిలేవి తాలు కాయలు: పైన డొల్ల, లోపల గింజ ఉండదు.

ఇంత విషయం ఒక పేరు కింద మరుగున పడింది. సభ నడిపేవాళ్లు రెండు పనులు చేస్తే బాగుంటుంది. మొదట వాళ్లనే అడగాలి: "మీ ఊళ్లో దీన్ని ఏమంటారు?" వాళ్లు చెనిక్కాయ అంటే, ఆ రోజంతా చెనిక్కాయే అనాలి. అంతటితో ఆ పంచాయితీ తీరిపోతుంది.

రెండోది నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. చివర్లో "సందేహాలున్నాయా?" అని అడక్కండి. ఆ ప్రశ్నకు సగం మంది తల దించుకుంటారు. "పోయినేడు ఎవరి చేన్లో తాలు కాయలు ఎక్కువ పడినాయి? జిప్సం ఎన్నో రోజు వేశారు? అప్పుడు నేల పదునుగా ఉందా?" అని అడగండి. తన చేను సంగతి ప్రతి రైతుకూ తెలుసు, దాని మీద మాట్లాడ్డానికి ఏ జంకూ ఉండదు. ఒకరు తొలిపూతకే వేశామంటారు, ఇంకొకరు యాభై రోజులకంటారు. ఈసారి పంట పీకేటప్పుడు ఆ ఇద్దరి చేలల్లో పదేసి చెట్లు తీసి, కాయలు వలిచి, తాలు ఎన్నో రచ్చకట్ట మీదే అందరి ముందు లెక్క పెట్టించండి.