కుక్క పెంటతో కంపోస్ట్: నేను చేసిన తప్పు మీరు చేయకండి

నమస్తే అండీ. ఇది హన్మకొండలో మా ఇంటి పెరడు. ఈ వాసన మీకు రాదు కాబట్టి ధైర్యంగా చూడండి.

ముందే చెప్తున్నా, ఒక్క కుక్కే ఉంటే ఈ పని వద్దు. కుప్ప వేడెక్కేంత సరుకు రాదు. బోరుకు, కూరగాయల మడికి దూరంగా అడుగు లోతు గుంత తీసి పూడ్చేయండి, అయిపోతుంది. నాకు రెండు కుక్కలు, పక్క గల్లీలో తమ్ముడి దగ్గర ఎనిమిది. ఇద్దరం కలిసి చేస్తున్నాం. పిల్లి పెంట అసలే వద్దు. అందులో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు, కడుపుతో ఉన్నవాళ్ళకు ప్రమాదం.

సరే. గ్లౌజులు. ఇది విడిగా పెట్టిన పార, వేరే పనికి వాడను. తొట్టి ఇదిగో, ఇటుకలు సందులు వదిలి పేర్చాను, మూడడుగులు, మీద రేకు. రెండు పారల పెంటకు ఒక పార రంపపు పొట్టు. అమెరికాలోని అలాస్కాలో స్లెడ్జ్ కుక్కలు, అంటే మంచు మీద బండి లాగే కుక్కలు, పెంచేవాళ్ళ దగ్గర ప్రయత్నించి చూసిన లెక్క ఇది, 2005లో అక్కడి ప్రభుత్వ పుస్తకంలో వచ్చింది. పొట్టు కట్టెల కోత మిషన్‌లో బస్తాల్లో దొరుకుతుంది. ప్లైవుడ్ పొట్టు తేకండి, అందులో జిగురు ఉంటుంది. నీళ్ళు కొంచెం, కలపండి. పిడికిట్లో నొక్కితే పిండిన గుడ్డలా తడి ఉండాలి, చుక్కలు కారొద్దు. ముసురు పడితే మీద రేకు తప్పనిసరి.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. మొదటిసారి రోజూ పొద్దున వచ్చి కొత్త పెంట పైన వేస్తూనే ఉన్నా. నాలుగు నెలలు. కింద నల్లగా మట్టిలా అయింది, వాసన లేదు, నేను ఖుషీ. కానీ పైన పచ్చిది వేస్తుంటే కింద ఎంత మాగితే ఏం లాభం? కుక్కల నులిపురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. చూడటానికి మట్టిలా ఉంది కదా అని నమ్మొద్దు. కాబట్టి రెండడుగులు నిండగానే ఆపండి. మళ్ళీ చెప్తున్నా, ఆపండి. కొత్తది పక్కనున్న ఈ రెండో తొట్టిలోకి.

ఆపాక థర్మామీటర్, ఇలా, నడిమధ్యలోకి. జ్వరం చూసేది కాదండీ, అది సెల్సియస్‌లో 42 దగ్గరే ఆగిపోతుంది. పొడుగు పుల్ల ఉన్నది కావాలి. ఆ గుడ్లు చావాలంటే 60 డిగ్రీలు దాటాలి. ఇప్పుడు... 63, చూశారా! వేడి తగ్గడం మొదలైతే తిరగేయండి, అంచుల్లోది మధ్యకు రావాలి. అసలు వేడే ఎక్కకపోతే చాలావరకు తడి ఎక్కువైనట్టే, పొట్టు కలపండి. వేడి ఎక్కడం, తిరగేయడం ఇలా నాలుగు నుంచి ఎనిమిది వారాలు. తర్వాత నేనైతే ఏడాది పక్కన పెడతాను, తొందరేముంది.

ఇంత చేసినా కూరగాయలకు వేయను. ఆకుకూరలకు అసలే వేయను. బతుకమ్మకు కోసే బంతికి కూడా వేయను, పిల్లలు వట్టి చేతులతో తెంపుతారు. గేటు దగ్గరి ఈ కాగితం పూల చెట్టుకు రెండు తట్టలు, అంతే. మామిడికి ఎందుకు వేయవురా అని మా అమ్మ రోజూ అడుగుతుంది. వేయనమ్మా.