సర్వర్ ఇంజనీర్ ఉద్యోగం ఎలా ఉంటుంది? పన్నెండేళ్ల అనుభవంతో నా రివ్యూ

నమస్కారం. ఈసారి రివ్యూ చేస్తున్నది ఒక వస్తువును కాదు, నేను 12 ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగాన్ని. అసలు విషయంలోకి వెళ్లేముందు మీకొక చిక్కుముడి ఇస్తాను.

ఒక సర్వర్‌లో డిస్క్ నూటికి నూరు శాతం నిండిపోయిందని అలర్ట్ వచ్చింది. మీరు లాగిన్ అయి ‘డీఎఫ్’ కమాండ్ ఇచ్చారు. నిజమే, ఖాళీ లేదు. ఏ ఫోల్డర్ ఎంత స్థలం తీసుకుంటోందో చూద్దామని ‘డీయూ’ కమాండ్ ఇచ్చారు. అన్నీ కూడితే డిస్క్‌లో సగం కూడా రాలేదు. మరి మిగిలిన సగం ఏమైనట్టు? వీడియో ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి.

జవాబు ఇది. స్థలం కోసం ఎవరో ఒక పెద్ద లాగ్ ఫైలును, అంటే ప్రోగ్రామ్ తన పనుల చిట్టా రాసుకునే ఫైలును, తొలగించారు. కానీ ఆ లాగ్ రాస్తున్న ప్రోగ్రామ్ దాన్ని ఇంకా తెరిచే ఉంచింది. సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఫైలును తొలగిస్తే ముందుగా పోయేది దాని పేరు మాత్రమే. దాన్ని తెరిచి పట్టుకున్న చివరి ప్రోగ్రామ్ వదిలిపెట్టేదాకా స్థలం తిరిగి రాదు. పేరు లేదు కాబట్టి ‘డీయూ’కు కనిపించదు. స్థలం ఆక్రమించే ఉంది కాబట్టి ‘డీఎఫ్’ లెక్కలోకి వస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను ఒకసారి రీస్టార్ట్ చేస్తే డిస్క్ ఖాళీ అవుతుంది.

ఈ జవాబు వినగానే మీ మనసు ఒక్కసారి వెలిగిందా? అయితే ఈ ఉద్యోగంలోని అసలు సుఖం మీకు దొరికినట్టే. జీతం, హోదా ఏ ఉద్యోగంలోనైనా వెతుక్కోవచ్చు. ఎక్కడో ఏదో పొసగడం లేదు, ఎందుకో కనిపెట్టాలి అన్న తపన మాత్రం ఇక్కడ వారానికి రెండు మూడు సార్లు తీరుతుంది. ఆ తపన లేని వారికి ఇదే పని నరకంలా అనిపిస్తుంది. అలా అనిపించి వేరే దారి చూసుకున్న మంచి మిత్రులు నాకున్నారు. వాళ్లు చేసింది సరైన పనే.

ఇక రోజువారీ పని. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అన్నా, సర్వర్ ఇంజనీర్ అన్నా, ఇన్‌ఫ్రా ఇంజనీర్ అన్నా సారం ఒక్కటే. వేరేవారు రాసిన ప్రోగ్రాములు ఆగకుండా నడిచే చోటును కాపాడటం. ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ సవరణలు) వేయడం, ఖాతాలూ అనుమతులూ చూడటం, బ్యాకప్‌లు, అలర్ట్‌లు, టికెట్లు (సమస్యల ఫిర్యాదులు). వీటి గురించి ఎక్కువ చెప్పను, ఏ ఉద్యోగ ప్రకటన చదివినా తెలుస్తుంది.

సర్వర్లన్నీ ఉండే డేటా సెంటర్ గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే నాకు అదంటే ఇష్టం. సర్వర్లను బిగించే ర్యాక్ వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును యూనిట్లలో కొలుస్తారు, ఒక్కో యూనిట్ 1.75 అంగుళాలు. మామూలుగా ఒక ర్యాక్‌లో 42 యూనిట్లు ఉంటాయి. లోపలికి అడుగు పెడితే ఫ్యాన్ల హోరులో పక్కవారి మాట వినిపించదు. ముందువైపు చల్లగాలి, వెనకవైపు వేడిగాలి. నేను చేరిన కొత్తలో ఒక డిస్క్ పాడైతే మార్చడానికి మా సీనియర్ నన్ను తీసుకెళ్లారు. అది రెయిడ్ 5 అమరిక. అంటే ఒక డిస్క్ పోయినా డేటా నిలుస్తుంది, రెండోది పోతే మొత్తం పోతుంది. కొత్త డిస్క్ పెట్టాక పాత డేటా దాని మీద తిరిగి ఏర్పడటానికి గంటలు పడుతుంది. ఆ గంటల్లో మరో డిస్క్ పోయిందంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. అంతకన్నా పెద్ద ప్రమాదం మనిషి చెయ్యి. పాడైనదాన్ని వదిలి పక్కనున్న మంచి డిస్క్‌ను లాగేయడం. అందుకే ఆయన నన్ను స్లాట్ నంబరు పైకి చదవమన్నారు. తర్వాత వెలుగుతున్న దీపాన్ని చూపించమన్నారు. మళ్లీ నంబరు చదవమన్నారు. అప్పుడు గానీ డిస్క్ మీద చెయ్యి వేయనివ్వలేదు. ఈరోజుకీ నేను వెనక్కి తీసుకోలేని కమాండ్ ఇచ్చే ముందు సర్వర్ పేరు పైకి చదువుతాను.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: రాత్రిళ్లు లేవాల్సి వస్తుందా? వస్తుంది. ఈ రివ్యూలో నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది ఇక్కడే.

ఆన్‌కాల్ అంటే ఒక వారం పాటు ఆ సర్వర్ల పూచీ మీది. ఫోను పక్కనే ఉండాలి, ల్యాప్‌టాప్ అందుబాటులో ఉండాలి. కాల్ రాకపోయినా, వస్తుందేమోనన్న ఆలోచనతో కంటి మీద కునుకు పలచబడుతుంది. ఇది ఎంత భారమో తేల్చేది సర్వర్ల సంఖ్య కాదు, మీ సంస్థ ఇచ్చిన మాట. ఒక చిన్న లెక్క చూడండి. సేవ 99.9 శాతం సమయం అందుబాటులో ఉంటుందని మాట ఇస్తే, ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాలు ఆగినా మాట తప్పినట్టు కాదు. 99.99 శాతం అంటే సుమారు 52 నిమిషాలు. 99.999 శాతం అంటే ఏడాది మొత్తానికి 5 నిమిషాల పైచిలుకు.

ఆ చివరి అంకెను కాస్త నిదానంగా చూడండి. గాఢ నిద్రలో ఉన్న మనిషి ఫోను అందుకుని, ల్యాప్‌టాప్ తెరిచి, లాగిన్ అయి, లాగ్ చదివేసరికే ఆ 5 నిమిషాలు అయిపోతాయి. అంటే ఆ మాటను మనుషుల్ని లేపి నిలబెట్టుకోవడం సాధ్యం కాదు. ఒక సర్వర్ పడిపోతే మరొకటి తనంతట తాను పని అందుకునేలా ముందే కట్టుకోవాలి. అది కట్టడానికి డబ్బూ సమయమూ ఇవ్వకుండా అంకె మాత్రం గొప్పగా రాసుకున్న సంస్థ, ఆ లోటును ఇంజనీర్ల నిద్రతో పూడుస్తుంది. నేను అలాంటి చోట రెండేళ్లు పనిచేశాను. వారంలో నాలుగైదు రాత్రులు లేచేవాడిని, అదీ ప్రతిసారీ అదే సర్వీసు కోసం. పొద్దున ఆ సమస్యను మూలం నుంచి సరిచేద్దామంటే కొత్త పని సిద్ధంగా ఉండేది. అక్కడ పాడైంది నా ఆరోగ్యం ఒక్కటే కాదు, కుతూహలం కూడా. పాత అలర్టే మళ్లీ వస్తే అందులో కనిపెట్టడానికి ఏముంటుంది?

ఇలాగే ఉండాలని ఎక్కడా లేదు. 2003 నుంచి గూగుల్‌లో పెరిగిన, సేవలు ఆగకుండా చూసే సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్ పద్ధతిలో ఒక నియమం ఉంది. చేతితో మళ్లీ మళ్లీ చేసే చాకిరీ ఇంజనీరు సమయంలో సగానికి మించకూడదు. మిగతా సగం ఆ చాకిరీ మళ్లీ రాకుండా చేసే పనికే వెచ్చించాలి. అంత పెద్ద సంస్థ కానక్కర్లేదు. నేను ఇప్పుడున్న జట్టు చిన్నది. అయినా రాత్రి వచ్చిన ప్రతి కాల్‌కూ మర్నాడు మూలకారణం రాస్తాం, లేచిన మనిషి ఆలస్యంగా వస్తారు. పోయిన నెలంతా ఒక్క రాత్రి లేచాను.

తప్పు జరిగినప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు, రోజంతా పనిచేసి అలసిన వేళ, డేటాబేస్ నకలును సరిచేస్తున్నాననుకుని అసలు డేటాబేస్ ఉన్న సర్వర్‌లో తొలగింపు కమాండ్ ఇచ్చారు. ఒకటి రెండు క్షణాల్లో గుర్తించి ఆపేశారు. అప్పటికే సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. సరే, బ్యాకప్ ఉంది కదా అని వెతికారు. రోజూ నడవాల్సిన బ్యాకప్ చాలాకాలంగా విఫలమవుతోంది. విఫలమైందని చెప్పాల్సిన మెయిళ్లు ఎవరికీ చేరలేదు. చివరికి, మరో పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు వాళ్లను కాపాడింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

నాకు నచ్చినది వాళ్లు తర్వాత చేసిన పని. రికవరీని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు. ఎక్కడెక్కడ ఏ పద్ధతి విఫలమైందో వివరంగా రాసి అందరి ముందూ పెట్టారు. ఎవరు చేశారన్నది పక్కనబెట్టి, అలా చేయడానికి వీలు ఎలా కలిగిందని అడిగారు. ఈ ఉద్యోగంలో ఎంత జాగ్రత్తపరుడైనా ఏదో ఒక రోజు తప్పు చేస్తారు. ఆ రోజున మీ చుట్టూ ఎలాంటి మనుషులున్నారన్నదే మీ కెరీర్‌ను నిర్ణయిస్తుంది.

మరో బాధ కూడా ఉంది. అంతా సవ్యంగా నడిచిన ఏడాది చివర చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. జరగని ప్రమాదాన్ని ఎవరూ చూడలేరు. 2000 నుంచి ప్రతి జులై చివరి శుక్రవారం సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ల కృతజ్ఞతా దినం జరుపుతున్నారు. చాలా కార్యాలయాల్లో ఆ సంగతే తెలియదు. మెప్పు కావాలనుకోవడం తప్పు కాదు. కానీ అది రోజూ కావాలంటే అప్లికేషన్లు రాసే వైపు వెళ్లండి.

“క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే సర్వర్లు) వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా?” అని కామెంట్లలో చాలామంది అడిగారు. అమెజాన్ 2006లో సర్వర్లను అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ భయం ఉంది. పోయింది ఏమిటంటే సర్వర్లు కొనడం, మోయడం, బిగించడం. అది కూడా పూర్తిగా పోలేదు. నెట్‌వర్క్, డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేరును దాని ఇంటర్నెట్ చిరునామాగా మార్చే వ్యవస్థ), అనుమతులు, నిండిపోయే డిస్క్‌లు అలాగే ఉన్నాయి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ఆగిపోయింది. నిర్వహణ కోసం ఇచ్చిన ఒక కమాండ్ వల్ల డేటా సెంటర్ల మధ్య సంబంధం తెగింది, దాంతో వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు బయటి ప్రపంచానికి కనిపించకుండా పోయాయి. చివరికి ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది.

నిజంగా తరిగిపోతున్నది అన్నీ చేత్తో చేసే పద్ధతి. వెబ్‌సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే భద్రతా సర్టిఫికెట్లనే తీసుకోండి. 2020 సెప్టెంబరులో వాటి గరిష్ఠ గడువు 398 రోజులైంది. 2029 మార్చి నాటికి దాన్ని 47 రోజులకు దించాలని నిర్ణయమైంది. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని చేత్తో మార్చేవారు అప్పుడు ఏమీ చేయలేరు. ఇలాంటి పనిని తనంతట తాను జరిగేలా చేసే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) రాయడం రాకపోతే ఈ రంగంలో ఎదగడం కష్టమని ముందే చెబుతున్నాను.

నేర్చుకోవాలనుకునే వారికి నా సలహా చిన్నదే. లినక్స్, నెట్‌వర్కింగ్, స్క్రిప్ట్‌లు రాయడానికి పైథాన్ లేదా షెల్, ఈ మూడూ గట్టిగా పట్టుకోండి. సర్వర్ల అమరికను ఆటోమేట్ చేసే అన్సిబుల్, టెర్రాఫామ్, ప్రోగ్రాములను విడివిడిగా నడిపే కంటైనర్లు ఆ తర్వాత. మీ కంప్యూటర్‌లోనే రెండు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్‌లోపల నడిచే ఊహా కంప్యూటర్లు) పెట్టుకుని, పాడుచేసి, బాగుచేయండి. సర్టిఫికేషన్ కావాలంటే లినక్స్ అందించే రెడ్‌హ్యాట్ సంస్థ పరీక్షలు నాకు నచ్చుతాయి, జవాబుకు టిక్కు పెట్టడం కాకుండా సర్వర్ మీద పని చేసి చూపించాలి.

ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మీరూ రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, పోయిన నెలలో రాత్రి కాల్స్ ఎన్ని వచ్చాయి? రెండోది, బ్యాకప్ నుంచి చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారు? “మేం రోజూ బ్యాకప్ తీస్తాం” అన్నారంటే, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదని గ్రహించండి.

ఇప్పుడున్న ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ రెండో ప్రశ్న అడిగాను. ఎదుట కూర్చున్నావిడ కాసేపు ఆలోచించి, “రెండు నెలల క్రితం చేశాం, మొదటిసారి కుదరలేదు” అన్నారు. ఒక పాస్‌వర్డ్ ఎక్కడుందో ఎవరికీ తెలియక సగం రోజు పోయిందట. ఆ తర్వాత ఏమేమి మార్చారో తెల్లబోర్డు మీద గీసి చూపించారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంటర్వ్యూ గంటన్నర సాగింది. ఇంటికి వచ్చేదాకా కూడా ఆగలేదు, చేరుతున్నానని దారిలోనే మెయిల్ పంపాను.