చంటిపాపతో రాత్రి ట్రైన్ జర్నీ: బెర్త్ బుకింగ్ నుంచి దిగేదాకా

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ వీడియో చంటిపిల్లల్ని తీసుకుని రాత్రి ట్రైన్ ఎక్కబోయే అమ్మల కోసం, ముఖ్యంగా పురుడయ్యాక మొదటిసారి పుట్టింటి నుంచి బయల్దేరుతున్న వాళ్ళ కోసం. సికింద్రాబాద్‌లో ఎక్కి పొద్దున్నే వైజాగ్‌లో దిగుతున్నాం అనుకుందాం. పాపకి రాత్రి ఏది కావాల్సొచ్చినా మీరు లేవకుండానే చేతికి అందాలి, నేను చెప్పేదంతా దాని గురించే.

ముందు టికెట్. ఐదేళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదండీ, విడిగా బెర్త్ కావాలంటేనే ఫుల్ ఛార్జ్. బుక్ చేసేటప్పుడు కనీసం ఒక లోయర్ బెర్త్ వస్తేనే బుక్ అవ్వాలి అని ఒక ఆప్షన్ ఉంటుంది చూడండి, అది టిక్ పెట్టండి. స్లీపర్‌లో అయినా థర్డ్ ఏసీలో అయినా మొదటి బేలో, అంటే ఎనిమిది బెర్తులుండే గదిలో, 1, 4 లోయర్, తర్వాత బేలో 9, 12, అలా ఎనిమిదేసి కలుపుకుంటూ పోవడమే. 7, 15 లాంటివి సైడ్ లోయర్, అవి నేను వద్దంటాను ఎందుకంటే రాత్రంతా మనుషులు పక్కనుంచే నడుస్తారు, బ్యాగులు తగులుతుంటాయి. డోర్ పక్క బే కూడా వద్దు, తలుపు చప్పుడుకి పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. ఒకవేళ మిడిల్ బెర్త్ వచ్చిందనుకోండి, కిందవాళ్ళని అడగండి, చంటిపిల్లని చూస్తే మనవాళ్ళు చాలామంది మార్చుకుంటారు.

ఇప్పుడు బ్యాగ్. పెద్ద సూట్‌కేస్ సీటు కిందకి తోసెయ్యండి, దాంతో రాత్రి మనకి పనిలేదు. ఇదిగో ఈ చిన్న సంచి తల దగ్గర పెట్టుకోండి. డైపర్లు, పాత కాటన్ చీర చింపిన మెత్తటి గుడ్డలు, రబ్బరు షీటు, రెండు జతల బట్టలు, కుల్లా, సాక్సులు, పల్చటి బొంత, డాక్టర్ రాసిచ్చిన మందులు. మీకు కూడా ఒక జాకెట్టో టాపో పెట్టుకోండి, పాప పాలు కక్కితే తెల్లారేదాకా ఆ తడితోనే ఉండలేరు కదా.

పాలు. ఆరు నెలల్లోపు తల్లిపాలు తాగే పిల్లలైతే మంచినీళ్ళు కూడా పట్టక్కర్లేదు, ఎండాకాలమైనా సరే ఇంకోసారి పాలివ్వండి చాలు. డబ్బాపాలు అయితే ఇంట్లో కలిపి తేవొద్దు. మరిగించిన నీళ్ళు వేడివేడిగా మంచి స్టీల్ ఫ్లాస్క్‌లో ఒకటి, కాచి చల్లార్చినవి ఇంకో సీసాలో, పొడి తడిలేని డబ్బాలో కొలిచి పెట్టుకోండి. పాప లేచినప్పుడు వేడినీళ్ళలో పొడి కలిపి, సీసాని బయటనుంచి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని పట్టండి, తాగగా మిగిలింది గంట దాటితే పారబొయ్యండి. కెటిల్ తెచ్చుకుంటాం అంటారేమో, ట్రైన్‌లో ఎలక్ట్రిక్ కెటిల్ వాడకూడదండీ. ఆరు నెలలు దాటి ఉగ్గు తినే పిల్లలైతే వేయించిన బియ్యం, పెసరపప్పు పొడి ఉంటే వేడినీళ్ళతో అప్పటికప్పుడు కలిపెయ్యొచ్చు.

ఇంకో మాట, గట్టిగా చెప్తున్నా. నిద్రపోవడానికని జలుబు సిరప్ పట్టకండి, ఎవరు చెప్పినా సరే వినొద్దు. ఏడిస్తే ఏడవనివ్వండి, బోగీలో అందరూ ఒకప్పుడు ఏడ్చినవాళ్ళే.

మరి ఎలా నిద్రపుచ్చాలి? చాలామంది పై బెర్త్‌కి చీరతో ఉయ్యాల కడతారు, నేనైతే వద్దంటాను, సడన్ బ్రేక్ పడితే ఉయ్యాల ఊగి తల ఇనుప అంచుకి కొట్టుకుంటుంది. దానికన్నా మన అమ్మమ్మలు చేసేది ఉంది కదా, కాళ్ళ మీద ఊపడం. ఇలా చూడండి, బెర్త్ మీద గోడకి ఆనుకుని కాళ్ళు చాపండి, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి మీద బొంత మడిచి పరవండి, పాప తల మీ పాదాల వైపు, కాళ్ళు మీ పొట్ట వైపు ఉండాలి. ఒక చెయ్యి ఎప్పుడూ పాప మీదే ఉంచి పక్కకి మెల్లగా ఊపుతూ రెండో చేత్తో జోకొట్టండి. మెల్లగానే అండీ, కుదపకూడదు. ఎలాగూ ట్రైన్ కూడా ఊగుతూనే ఉంటుంది, పాలు తాగి తేన్పు వచ్చిన పిల్లైతే తొందరగానే కళ్ళు మూస్తుంది.

పడుకోబెట్టేటప్పుడు పాప గోడవైపు, మీరు బయటివైపు. వెల్లకిలా పడుకోబెట్టండి, ముఖం దగ్గర దిండు, రైల్వే కంబళి ఏవీ ఉండకూడదు. ఏసీ చల్లగా ఉంటే ఒళ్ళంతా కప్పే బట్టలు వెయ్యండి, మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే చెమట పట్టిందో చల్లబడిందో తెలిసిపోతుంది.

డైపర్ బెర్త్ మీదే రబ్బరు షీటు వేసి మార్చండి, వాడింది కవర్లో మూటగట్టి డస్ట్‌బిన్‌లో వెయ్యండి. టాయిలెట్లో వేస్తే అవి బయో టాయిలెట్లు కాబట్టి జామ్ అయిపోతాయి, తర్వాత వెళ్ళేవాళ్ళకి నరకం. రాత్రి జ్వరమో వాంతులో అయితే ఆలోచించకుండా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యండి, టీటీఈకి కూడా చెప్పండి.

ఇక దిగడం. తునికి అలారం పెట్టుకోండి, లేచి డైపర్ మార్చి పాలు పట్టెయ్యండి, అనకాపల్లి దాటేసరికి చిన్న సంచి సర్దేసి ఉండాలి. వైజాగ్‌లో బండి పూర్తిగా ఆగాక ముందు సామాను దించమనండి, పాపని ఎత్తుకున్న వాళ్ళు చివర్న దిగాలి, ఇంకో చెయ్యి కడ్డీ పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి.